ధాత్రి చేతికి మాప్ ఎవరిచ్చారు?

హాలిఫాక్స్

చి.ల.సౌ. వాసంతికి, తెలుగు సంఘం అధ్యక్షుడు డాక్టర్ వీరభద్రం ఆశీస్సులు.

నువ్వు అలిగి మన వాట్సాప్ గ్రూపులోంచి వెళ్ళిపోయావు కనక ఈ ఉత్తరం. మీ అమ్మాయి ధాత్రి ఇక్కడి బ్యాలే డాన్సు కంపెనీలో ఉందని సంఘం తరఫున నలభై టిక్కెట్లు కొన్నాం. మొదటి సగం క్లాసికల్, రెండో సగం కాంటెంపరరీ అట. నిన్న ఫెర్రీలో వాళ్ళ బ్రోచర్ చూసి నీరుగారిపోయాను. తెల్లపిల్లలందరికీ కిరీటాలు. మన పిల్ల ఆఖరి పేజీలో మాప్ పట్టుకుని నేల తుడుస్తోంది! ఇది వివక్ష కాదూ? వివక్ష మీద వ్యాసాలు రాసేదానివి, ఎలా ఊరుకున్నావమ్మా?

ఇట్లు,
మీ క్షేమం కోరే వీరభద్రం

తా.క. పిల్ల మోకాళ్ళు కనిపిస్తున్నాయి. మీద ఓణీ వేయించడం కుదురుతుందా?

*

డాక్టర్ గారికి నమస్కారం.

నన్ను సౌభాగ్యవతి అనకండి. నా సౌభాగ్యం మా ఆయన బీపీ మీద ఆధారపడి లేదు. అలగనూ లేదు. గ్రూపులో గోత్రాలు అడగడం ఆపరని బయటికొచ్చాను.

రెండో సగంలో ఆ మాప్ పట్టుకున్నదే నాయిక. రాత్రి షిఫ్టులో ఆఫీసు తుడిచే మనిషి కథ అది. స్టేజీ మీద చివరిదాకా ధాత్రి ఒక్కతే. ఏళ్ళ తరబడి వెనక వరసలో నిలబడితే దక్కిన పాత్ర. వచ్చే ఏడాది కాంట్రాక్టు దీని మీదే ఉంది.

ఇక మీ కిరీటాల సగంలో ఏం జరుగుతుందో తెలుసా? ఒక దొర పల్లెపిల్లని మోసం చేస్తాడు. ఆమె చస్తుంది. చచ్చి కూడా వాణ్ణి కాపాడుతూ ఆడుతుంది! అది మీకు సంస్కృతి. మాప్ పట్టినవాళ్ళని లోకం హీనంగా చూడటం మీకు పట్టదు, మాప్ మనవాళ్ళ చేతికి రావడమే వివక్ష!

దయచేసి ఏమీ చెయ్యకండి.

వాసంతి

తా.క. ఓణీ ఆ దొరకి వేయించండి. ఒంటికి అతుక్కుపోయిన ఆయన ప్యాంటు చూస్తే మీకే తెలుస్తుంది.

*

చి. వాసంతికి (నీ కోరికపై సౌభాగ్యం తీసేశాను),

కూతురి ఉద్యోగానికి భయపడి అలా రాశావని అర్థమైంది. నీ వెనక సంఘం ఉంది. ఇంజనీర్ల ఇంట పుట్టిన పిల్లకి పనిమనిషి వేషమా అని కంపెనీకి ఘాటుగా లెటర్ పంపేశాం. టిక్కెట్లు వాపసు చేస్తాం, పేపర్లకెక్కుతాం అన్నాం. మన సంఘంలో సుధామయి గారైతే ఆవేశంలో రెండుసార్లు సంతకం పెట్టారు.

నీ వీరభద్రం అంకుల్

తా.క. నీ వ్యాసాల్లోంచి రెండు పేరాలు ఎత్తి వాడుకున్నాం. మంచి పదునుగా ఉన్నాయి.

*

వీరభద్రం గారూ,

నమస్కారం పెట్టే ఓపిక లేదు. మీ ఇల్లు శుభ్రం చెయ్యడానికి వచ్చే ఆవిడ పేరేమిటండీ? తెలీదు కదూ! మీకు కావలసిన సమానత్వం పై మెట్టు మీద మనకో కుర్చీ, అంతే. కింద ఎవరున్నారో మీకక్కర్లేదు. ఆ లెటర్ వెనక్కి తీసుకుంటున్నామని ఈరోజే రాయండి. "అమ్మా, దీజ్ ఆర్ యువర్ పీపుల్. ఫిక్స్ ఇట్" అని తలుపేసుకుంది ధాత్రి.

వాసంతి

తా.క. ఆ రెండు పేరాలూ నేను మీ సంఘం మీద రాసినవే.

*

అమ్మా వాసంతీ,

విజయం మనదే! కంపెనీవాళ్ళు హడలిపోయి క్షమాపణ చెప్పారు. మొన్నటి ప్రదర్శనలో ధాత్రికి మాప్ తప్పించి కిరీటం పెట్టారు. వెనక వరసలో, స్తంభం పక్కన. మొహం కనబడలేదు గానీ కిరీటం తళతళలాడింది. ఆట మధ్యలోనే లేచి చప్పట్లు కొట్టాం.

మాప్ ఒక తెల్లపిల్లకిచ్చారు. ఆ పిల్ల తుడుస్తుంటే హాలంతా ఏడ్చింది. పేపర్లో సగం పేజీ ఫోటో. వచ్చే ఏడాది కాంట్రాక్టూ ఆ పిల్లకేనట. మన పిల్ల పేరెక్కడా లేదు. నా రక్తం మరిగిపోయింది. అంత గొప్ప పాత్ర మన పిల్లకెందుకివ్వలేదని ఇంకో లెటర్ రాశాం. మొదటి సంతకం నీదే కావాలి.

నీ వీరభద్రం అంకుల్

తా.క. శనివారం ధాత్రికి సన్మానం. ముందుగా హాలు తుడవాలి. మనవాళ్ళెవరూ ముందుకు రావడం లేదు. ఎవరైనా ఉంటే చూడమ్మా.