జింకలకు ఉప్పు దిమ్మలు

అన్నయ్యకు,

ఆయనకు తెలియకుండా రాస్తున్నాను, కోప్పడకు. ఆయన పనిచేసే పార్కులో జింకలు నాకడానికి పెట్టే ఖనిజాల ఉప్పు దిమ్మలు వేసవి నుంచి రావడం లేదు. గడ్డి అందుతోంది కదా, చాలదా అంటున్నారట మీ ఆఫీసులో. గడ్డి అందుతోంది, నిజమే. కానీ జింకలు గోడల సున్నం నాకుతున్నాయి. చెమట వాసనకు ఆయన చొక్కా చేతులు నమిలేస్తున్నాయి.

"మీ జింకలకు నేనేమైనా దర్జీనా?" అన్నాను కుడుతూ.

"ఉప్పు కోసం పాపం. నా మీద ప్రేమతో కాదులే," అని నవ్వారు.

వంటింటి ఉప్పు పొట్లం కట్టి పంపాను. "దీనితో ఎముక కట్టదయ్యా, ఆ దిమ్మలే కావాలి," అన్నారట పశువుల డాక్టరుగారు.

మొన్న ఒక జింక ఈనింది. పిల్ల ముందుకాళ్లు వంగిపోయి నిలబడలేకపోతోంది. ఆయన దాన్ని ఎత్తి పట్టుకుంటే తల్లి దగ్గర పాలు తాగుతోంది, వదిలితే కూలబడుతోంది. చూలుతో ఇంకా కొన్ని ఉన్నాయి.

సంతకం పైవాళ్లదని, నీ చేతిలో ఏమీ లేదని తెలుసు. అయినా ఒక్కసారి అడిగి చూడు. రోజూ సాయంత్రం గేటు వేసే వేళకు ఆయన ఆ పిల్లను కింద దించి ఇంటికి రావాలి, అన్నయ్యా.

నీ చెల్లెలు