సాక కలిపిన చెయ్యి

మంగళవారం, రాత్రి

మల్లవ్వకు అలా చెప్పాల్సింది కాదు.

పొద్దున శామీర్‌పేట ల్యాబ్‌లో ఫలితాలు వచ్చాయి. జవహర్‌నగర్ వాడకట్టులో టైఫాయిడ్ సోకిన పిల్లలందరి బ్యాక్టీరియా ఒకే వంశానిది. జన్యువులను బట్టి ఆ వంశానికి మూలం మల్లవ్వ. ఆ జ్వరంతోనే చనిపోయిన పిల్లాడి నానమ్మ. ఆమెకు జ్వరమే రాలేదు, ఏళ్లుగా ఆ బ్యాక్టీరియాను కడుపులో మోస్తోందంతే. "వంశవృక్షం ఎంత చక్కగా వచ్చిందో చూడు" అన్నారు మా ల్యాబ్ సార్. నాకూ చక్కగానే కనిపించింది.

సాయంత్రం మాత్రలు తీసుకుని వెళ్లాను. మల్లవ్వ చిన్న మనుమరాలికి అన్నం తినిపిస్తోంది. మాత్రలు వద్దంది.

"నాకేం రోగం బిడ్డా? మనుమడు మంచాన పడ్డనాడు పోచమ్మకు బెల్లం నీళ్లు కలిపి సాక పోసిన. నా చేత్తోనే కలిపి వాడకట్టు పోరగాళ్లందరికి తాపిన. మావోడు పోయిండు గని, గాళ్లందరు దక్కిర్రు. నీ మందులకు గాదు, నా సాకకు."

దక్కినవాళ్లలో ఒక పిల్ల పేగుకు చిల్లు పడి ఇంకా ఆసుపత్రిలోనే ఉంది. నాకు ఒళ్లు మండింది.

"గా రోగం నీ చేతిలకెల్లే పోయింది అవ్వా. నీ మనుమనికి గూడ."

ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. మెల్లగా, "నా కోడలుకు జెప్పకు" అంది.

కోడలు గడపలోనే నిలబడి ఉంది. వచ్చి, బిడ్డ నోట్లో వేలు పెట్టి, అత్త పెట్టిన ముద్దను బయటికి తీసేసింది.