నీ పేరున్న లైన్

రజితా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. కోరుట్లలో నువ్వు, సిరిసిల్లలో నేను ఇళ్లలోంచే ఒకే వెబ్‌సైట్‌కి కోడ్ రాసేవాళ్లం కదా. నువ్వు రాసిన లైన్ల పక్కన ఇప్పటికీ నీ పేరే కనిపిస్తుంది.

ఆసుపత్రి అపాయింట్‌మెంట్ పేజీ కోడ్‌లో నువ్వు ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టిన హెచ్చరిక గుర్తుందా? "దీన్ని ముట్టకుండ్రి, ఆగమైతది." హైదరాబాద్‌లో కూర్చున్న కొత్త టీమ్ లీడ్ ఇవాళ దాన్నీ, దాని కింది కోడ్‌నూ తీసేసి నా అప్రూవల్‌కి పంపాడు. ఆయనకు నెట్ వేగంగా వస్తుంది మరి. మీ కోరుట్ల పక్క ఇబ్రహీంపట్నంలో సిగ్నల్ అందక మీ అమ్మ బటన్ రెండుసార్లు నొక్కితే రెండు అపాయింట్‌మెంట్లు పడ్డాయని, మళ్లీ అలా పడకుండా నువ్వు ఆ కోడ్ రాశావని ఆయనకేం తెలుసు?

అదంతా ఫోన్‌లో చెప్పాను. "సరే, కోడ్ ఉంచు. ఆ మాటైనా తియ్యమ్మా, అందరూ చూస్తారు" అన్నాడు.

"చూడనియ్యండి సార్. నేనైతే తియ్య" అన్నాను.

నేను ఒప్పుకోనిదే ఆ మార్పు సైట్ కోడ్‌లో కలవదు. రిజెక్ట్ నొక్కితే కారణం రాయమంది. నీ మాటే, ఈసారి తెలుగు అక్షరాల్లో, టైప్ చేశాను.

పక్కన నా పేరు పడింది.