ఆటగది, అమ్మాయి, మిగిలిన నా ఆస్తి

నాకు అరవై ఎనిమిదేళ్ళు. చూపుకు అద్దాలు కావాలి, మెట్లెక్కాలంటే మోకాళ్ళను బతిమాలుకోవాలి. బుద్ధికి మాత్రం ఏ ఆసరా అక్కర్లేదని డాక్టరుగారు కాగితం రాసిచ్చారు. ఎవరి బలవంతమూ, ప్రలోభమూ లేకుండా, పూర్తి తెలివితో, నా చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. ఇంతకుముందు వేరే వీలునామా ఏదీ రాయలేదు. దీన్ని అమలుపరిచే బాధ్యత మా చెల్లెలిది. దానికి మొహమాటం తెలియదు, అందుకే.

1. నేనుంటున్న రెండు గదుల ఇల్లు నా తదనంతరం నా ఒక్కగానొక్క కూతురికి సర్వహక్కులతో చెందాలి. వాళ్ళ నాన్న నా చెయ్యి విరిచిన రోజు దానికి ఆరేళ్ళు. మంచం కింద దాక్కుని అంతా చూసింది. ఆ తర్వాత పదకొండు నెలలు నోరు విప్పలేదు.

2. గోడ గడియారం మా అన్నయ్యకు. చేతికి కట్టుతో, పిల్లతో వాళ్ళ గుమ్మంలో నిలబడితే "సంసారమన్నాక మామూలేనమ్మా, సర్దుకుపో" అన్నాడు. పదేళ్ళకు వచ్చి "అప్పుడు నాకు బుద్ధి లేకపోయింది" అని ఒప్పుకున్నాడు. కోపం పోయింది, గుర్తు పోలేదు. గడియారం కాస్త ఆలస్యంగా నడుస్తుంది. అన్నయ్యకు సరిగ్గా సరిపోతుంది.

3. నా చిన్న పీట ఆసుపత్రి ఆటగదిలో నా తర్వాత చేరిన ఆయాకు. బెదిరిన పిల్లల్ని ఆటలతో కుదుటపరిచే గది అది. మాట మానేసిన నా కూతుర్ని మొదట తీసుకెళ్ళింది అక్కడికే. అక్కడి డాక్టరమ్మ "దాన్ని మాట్లాడమని అడక్కండి. పక్కన కూర్చుని అది ఆడేదే మీరూ ఆడండి. ముందు మీరు వేళకు తినండి, నిద్రపోండి. మీరు కుదుటపడితే అదీ కుదుటపడుతుంది" అంది. నా కూతురు వారం వారం బొమ్మను తీసుకెళ్ళి బల్ల కింద పెట్టేది. నేనూ ఇంకో బొమ్మను దాని పక్కనే పెట్టేదాన్ని. ఒక గురువారం తన బొమ్మను బయటికి తీసి కుర్చీలో కూర్చోబెట్టి, "అమ్మా, దీనికి ఆకలేస్తోంది" అంది. ఏడిస్తే బెదిరిపోతుందేమోనని చిన్న గిన్నె అందించి, బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. మరుసటి ఏడు అదే గదిలో ఆయాగా చేరి ఇరవై ఏడేళ్ళు పనిచేశాను. కొత్త ఆయాకు ఒక్క మాట: పిల్లలకంటే ఎత్తులో కూర్చోవద్దు.

4. నా పాటల నోటుపుస్తకం, ఒకప్పుడు పిల్లల్ని మా ఆటగదికి తీసుకొచ్చిన లారీ డ్రైవరుకు. వీధి కొట్లాటలో కళ్ళముందే తమ ఇల్లు తగలబడ్డాక అతని కూతుళ్ళిద్దరికీ నిద్ర పట్టేది కాదు. పాట పాడి పడుకోబెట్టమంటే "నాకు పాటలు రావండీ" అన్నాడు. నువ్వు వెళ్ళే దారిలోని ఊళ్ళ పేర్లు వరసగా చెప్పు అన్నాను. వారం తిరక్కుండా వచ్చి, "ఏడో ఊరు దాటనివ్వడం లేదండీ, పడుకుంటున్నారు" అన్నాడు. ఇప్పుడు తాతయ్యాడు కాబట్టి పాటలు నేర్చుకోక తప్పదు.

5. నా మాజీ భర్తకు ఏమీ లేదు. క్షమించమని ఉత్తరం రాశాడు, చదివాను. ఆయన్ని చూడాలో వద్దో నా కూతురి ఇష్టం. ఈ విషయంలో ఎవరూ, ముఖ్యంగా అన్నయ్య, దానికి నచ్చజెప్పకూడదు.

6. నా కుట్టు మిషను, రంగు దారాల డబ్బా ఎనిమిదేళ్ళ నా మనవరాలికి. మొన్న ఆదివారం దాని చేతిలోంచి గాజు సీసా జారి భళ్ళున పగిలింది. నేను గోడకు అతుక్కుపోయాను, పాత అలవాటు. నా కూతురు మాత్రం "కదలకు, చెప్పులు తెస్తా" అని చీపురు అందుకుంది. మనవరాలు "నేనే పగలగొట్టానమ్మా" అని నిక్షేపంగా చెప్పి, ఇంకో సీసా ఎక్కడుందని అడిగింది. ఇద్దరి గొంతుల్లోనూ వణుకు లేదు. గాజు ముక్కలు ఏరేశాక, ఇక నిశ్చింతగా వెళ్ళొచ్చనిపించి, ఆ సాయంత్రమే ఈ కాగితం మొదలుపెట్టాను.

పైవన్నీ చదివి చూసుకుని, సరేననుకుని సంతకం చేశాను.

తేదీ: మార్చి పదకొండు, బుధవారం
(సంతకం) ఆటగది ఆయమ్మ

సాక్షులు:
1. పై వాటాలోని ఎలక్ట్రీషియన్
2. పిల్లల వార్డు పెద్ద నర్సు