ఏడవని కళ్ళు

ఏప్రిల్ 7, ఉదయం

మళ్ళీ వాచాయి. రెండు రెప్పలూ. కుడిది ఎక్కువ. అద్దంలో చూసుకుంటే రాత్రంతా ఏడ్చిన మనిషెవరో కనిపించింది. నేను రాత్రంతా హాయిగా నిద్రపోయాను. గురక కూడా పెట్టానని ఆయన ఫిర్యాదు.

దురద. రుద్దకూడదని తెలుసు. రుద్దాను.

ఏప్రిల్ 7, సాయంత్రం

కళ్ళజోళ్ళ షాపులో పనిచేసే మనిషికి కళ్ళే బాగోకపోతే ఇంకేం చెప్పాలి. షాపు నిండా అద్దాలు. ఎటు తిరిగినా నా మొహమే. ఇవాళ ఒక కస్టమర్‌కి ఫ్రేము సరిచేద్దామని చెవుల వెనక వేళ్ళు పెట్టి దగ్గరికి వంగాను. ఆవిడ తన ఫ్రేము చూసుకోవడం మానేసి నన్ను చూసింది. చెయ్యి పట్టుకుని, మగాళ్ళంతా అంతేనమ్మా, మనసులో పెట్టుకోకు అంది. మా ఆయన మంచాయనండీ అన్నాను. అలాంటివాళ్ళనే అసలు నమ్మకూడదంది. కాడలు బిగించి పంపేశాను. కొంచెం ఎక్కువే బిగించాను.

పెళ్ళయి మూడు నెలలు. నలభై ఆరేళ్ళకి, పెళ్ళి మాట నేనే మర్చిపోయాక, షాపు బిల్డింగులో లిఫ్టు చెడిపోయి మెకానిక్ వచ్చాడు. ఆయనే ఈయన. నాకన్నా ఎనిమిదేళ్ళు పెద్ద. రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకాలు పెట్టాం. అక్క సాక్షి. పెన్ను పట్టుకుని నా వైపు ఒకసారి చూసింది, ఇంకా టైముంది అన్నట్టు. అమ్మా నాన్నా పోయాక ఇన్నేళ్ళూ అక్క ఇంట్లోనే ఉన్నాను. అక్క స్కూల్లో లెక్కల టీచర్. లోకంలో ప్రతిదానికీ ఆన్సర్ ఉంటుందని, అది తనకి తెలుసని నమ్మకం.

కంటికి రెప్పలా చూసుకుంటానని ఆయన ఆ రోజు అక్కకి మాటిచ్చారు. రెప్పల్ని ఎవరు చూసుకుంటారో చెప్పలేదు.

ఏప్రిల్ 10

మెడికల్ షాపులో అడిగితే ఒక ట్యూబు ఇచ్చాడు. రెండు రోజుల్లో రెప్పలు కొత్తవి బిగించినట్టయ్యాయి. ఇంత సులువా. ఊరికే బెంగపడ్డాను.

ఏప్రిల్ 14

మళ్ళీ మొదటికొచ్చింది. ఈసారి పొట్టు కూడా రాలుతోంది. రెప్పల అంచు పగిలి, కన్నీళ్ళు తగిలితే భగ్గుమంటోంది. లైటు చూడలేకపోతున్నాను. ట్యూబు ఇంకాస్త మందంగా రాశాను.

షాపు ఓనరు చాలా మర్యాదస్తుడు. కొన్నాళ్ళు వెనక గదిలో లెన్సులు కొయ్యమన్నారు. శిక్ష కాదట, విశ్రాంతట. అక్కడ అద్దాలు లేవు, అదొక్కటే సుఖం. మనుషులూ లేరు. నాకు మనుషుల ముక్కులు, చెవులు కావాలి. ఎవరి ముక్కు మీద ఏ ఫ్రేము నిలుస్తుందో ఇంత దూరం నుంచి చెప్పగలను. అలాంటిదాన్ని తీసుకెళ్ళి మిషను ముందు కూర్చోబెట్టారు.

ఏప్రిల్ 16

అక్క వచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నా మొహం చూసి నిలబడిపోయింది. ఏమీ లేదక్కా, అలర్జీ అన్నాను. నేనూ ఆడదాన్నేనే అంది. ఆయన లోపలినుంచి వదినా కూర్చోండి అంటూ వస్తే, కూర్చోడానికి రాలేదు మరిదిగారూ అంది. ఆయన ఆ గుమ్మంలో, అక్క ఈ గుమ్మంలో, మధ్యలో నేను, నా రెప్పలు.

వెళ్ళేటప్పుడు మెట్ల దగ్గర నా చెవిలో చెప్పింది. నా గది అలాగే ఉంచిందట. మంచం మీద దుప్పటి కూడా మార్చిందట.

ఏడవట్లేదని ఎన్నిసార్లు చెప్పినా ఏడ్చేవాళ్ళు చెప్పేదీ అదే కదా. పిచ్చెక్కుతోంది.

ఏప్రిల్ 17

ఆయన మాత్రం ఒక్క మాట అడగరు. ఊరంతా అడుగుతోంది, ఈయన అడగరు. పొద్దున పనికి వెళ్ళేముందు నా రెండు రెప్పల మీదా పెదవులు ఆనించి వెళ్తారు. మీసం గుచ్చుకుంటుంది. ముందు ఈ అలవాటు లేదు. కళ్ళు ఇలా అయినప్పటినుంచీ మొదలెట్టారు. మాట లేదు, ముద్దు ఉంది. ఏమనుకోవాలి?

ఏప్రిల్ 20, ఆదివారం

వర్క్‌షాపుకి వెళ్ళారు. పెళ్ళయిన కొత్తలో నెలకో ఆదివారం వెళ్ళేవారు. ఇప్పుడు ప్రతి ఆదివారం. అర్జెంటు పనిట. గ్రీజు పనికి వెళ్ళిన మనిషి తలస్నానం చేసి, సబ్బు వాసనతో, పెళ్ళికొడుకులా తిరిగొస్తారా?

అడగలేదు.

ఇల్లంతా ఊడ్చాను. ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చాను. కూర్చుంటే కళ్ళ మీదికి చెయ్యి పోతోంది. చేతులకి పని ఉండాలి.

ఏప్రిల్ 22

ఇవాళ ఆయన చొక్కా వాసన చూశాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. రాస్తున్నాను. జేబులు కూడా చూశాను. ఒక స్క్రూ, ఒక బస్ టికెట్.

నిజం చెప్పాలంటే మూడు నెలల కిందట నేను సంతోషంగా ఉన్నాను. రెప్పలు వాచాక జనం వచ్చి నీకేం బాధ అని అడగడం మొదలెట్టారు. నాకేం బాధ లేదు. కానీ ఇంతమంది అడుగుతుంటే, లేదని అంత గట్టిగా ఎలా చెప్పడం? వెతికితే ఏదో ఒకటి దొరక్కపోదు. ఆదివారాలు దొరికాయి. తక్కువ మాట్లాడతారన్నది దొరికింది. ఇలాంటివి ఇంకో పది దొరుకుతాయి. మొహం ముందు ఏడ్చేసింది, కారణం నేను తర్వాత వెతుక్కుంటున్నాను.

అక్క ఫోన్ చేసింది. ఈ ఆదివారం వచ్చెయ్యి అంది. చూస్తాను అన్నాను. రానని అనలేదు. ఎందుకనలేదు?

ఏప్రిల్ 25

స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. ఇదేదో ముందే చెయ్యాల్సింది. చిన్నమ్మాయి, చకచకా మాట్లాడుతుంది. ఏడుస్తున్నారా అని అడగని మొదటి మనిషి. ఒంట్లో అన్నిటికన్నా పల్చటి చర్మం రెప్పలదేనట. చేతికీ తలకీ ఏమీ చెయ్యని వస్తువు కూడా రెప్పకి తగిలితే ఊరుకోదట. గోళ్ళరంగు గోళ్ళ దగ్గర బుద్ధిగా ఉండి, కళ్ళు నలుపుకుంటే రెప్పల్ని కాలుస్తుందట. రెప్ప జబ్బు రెప్పతో ఆగదు, లోపల కంటిదాకా పోతుంది అని భయపెట్టింది కూడా.

ట్యూబు చూపించాను. మొహం మారిపోయింది. అది స్టెరాయిడ్. కళ్ళ దగ్గర ఇష్టమొచ్చినట్టు రాస్తే కంట్లో ప్రెషర్ పెరుగుతుందట, శుక్లాలు కూడా వస్తాయట. అప్పటికప్పుడు పక్క గదిలో కంటి డాక్టర్ దగ్గరికి పంపింది. ఆయన గడ్డం ఆనించమని లైటు వేసి చూశారు. ప్రెషర్ కొంచెం పెరిగిందన్నారు. మానేస్తే దిగొచ్చుట. రుద్ది రుద్ది కుడి నల్లగుడ్డు మీద గీత కూడా పెట్టుకున్నానట. నేను, కళ్ళజోళ్ళ దాన్ని! కంటిని ఎలా కాపాడుకోవాలో రోజూ పదిమందికి చెప్పేదాన్ని.

వేరే ఆయింట్‌మెంటు రాసిచ్చారు. సోమవారం వీపు మీద ప్యాచ్ టెస్ట్. దేనితో పడట్లేదో అందులో తేలుతుందట.

ఏప్రిల్ 28

వీపంతా చిన్న చిన్న గడులు అంటించారు. స్నానం వద్దన్నారు. నిన్న అక్క దగ్గరికి వెళ్ళలేదు. ఇకముందు వెళ్ళకపోవడానికి ఇదో మంచి సాకు. నిన్న ఆదివారం ఆయన మళ్ళీ వెళ్ళారు. ఇవాళ పని నుంచి వచ్చాక నా వీపు వైపు చూసి అదేమిటని అడగబోయి, ఆగిపోయి, నీళ్ళు కావాలా అన్నారు.

వీపు గోకలేను, కళ్ళు రుద్దలేను, మనిషిని అడగలేను.

మే 2

తేలింది. ఒక్కటే గడి ఎర్రగా పొంగి, పొక్కులొచ్చాయి. మిగతావన్నీ శుభ్రం. జుట్టుకి వేసుకునే నల్లరంగులో ఉండే మందట.

తప్పు తేలిందన్నాను. నా తల చూడండి, సగానికి పైగా తెలుపు, జన్మలో రంగు వెయ్యలేదు. డాక్టరమ్మ నా తల చూసింది. ఇంట్లో ఇంకెవరున్నారు అంది.

మా ఆయన జుట్టు నెరవదండీ, వాళ్ళమ్మ పోలికట అన్నాను. అంటూ అంటూ ఆగిపోయాను. డాక్టరమ్మ పాపం మర్యాదగా కాగితాలు సర్దుకుంది.

యాభై నాలుగేళ్ళ మనిషికి కాకిరెక్కల్లాంటి మీసం. మిల్లీమీటరు తేడా కనిపెట్టే కళ్ళు నావి. ఎలా నమ్మాను? నమ్మాలనుకున్నాను కాబట్టి నమ్మాను, అంతే. పైగా ఆయన అంత దగ్గరికి వచ్చినప్పుడు నా కళ్ళజోడు తీసే ఉంటుంది.

ఎవరికోసం ఆ రంగు? నల్లజుట్టు ఎవరికి కావాలి? నేనెప్పుడూ అడగలేదే.

మే 4, ఆదివారం, మధ్యాహ్నం

వెళ్ళాను. చెప్పకుండా వెళ్ళాను.

వర్క్‌షాపు షట్టరు సగం దించి ఉంది. వంగి దూరాను. ఏ బిల్డింగు నుంచో విప్పి తెచ్చిన పాత లిఫ్టు క్యాబిన్ ఒకటి మూలన ఉంది, మూడు వైపులా అద్దాలతో. అందులో ప్లాస్టిక్ స్టూలు. స్టూలు మీద మా ఆయన. భుజాల చుట్టూ చిరిగిన తువ్వాలు, తల మీద నల్లటి ముద్ద. పైపెదవి ఉబ్బించి, పరీక్ష రాసే పిల్లాడంత శ్రద్ధగా, టూత్‌బ్రష్షుతో మీసానికి రాసుకుంటున్నారు. మూడు అద్దాల్లో ముగ్గురు ఆయనలు. నన్ను చూసి నలుగురూ బ్రష్షు వెనక్కి దాచారు.

ముందు నేనే అరిచాను. ఆదివారాలు ఇంకెవరి దగ్గరికో వెళ్తున్నారనుకున్నాను అని. నేనా అన్నారు. నిజంగా ఆశ్చర్యపోయారు. కాస్త సంతోషించారు కూడా, చూశాను.

తర్వాత, తువ్వాలు తీయకుండానే, ఆ స్టూలు మీద కూర్చునే చెప్పారు. పెళ్ళికి ముందు నుంచే నెలకోసారి వేసుకునేవారట. తల మొత్తం పాలలాగా తెలుపట. నేను ఏమంటానోనని మొదట చెప్పలేదు, తర్వాత చెప్పే వీల్లేకపోయింది. ఇంతలో నా కళ్ళు వాచాయి. ఈవిడ రాత్రిళ్ళు నాకు తెలియకుండా ఏడుస్తోంది, ముసలివాణ్ణి చేసుకున్నానని పశ్చాత్తాపపడుతోంది అనుకున్నారట. అందుకని వారానికోసారి రంగు. మీసానికి మధ్యలో ఇంకోసారి. కాస్త కుర్రవాడిలా కనిపిస్తే నా ఏడుపు తగ్గుతుందని. తగ్గలేదు. పొద్దున్నే ఆ మీసంతోనే వచ్చి నా రెప్పల్ని ముద్దుపెట్టుకుని ఓదార్చేవారు.

ఆయన నల్లబడినకొద్దీ నేను వాచాను. నేను వాచినకొద్దీ ఆయన నల్లబడ్డారు.

డాక్టర్ చెప్పింది చెప్పాను. వింటూ వింటూ స్టూలుతో సహా వెనక్కి జరిగారు. నా దగ్గరికి రాకు అన్నారు. కంట్లో గీత, ప్రెషర్ అనేసరికి మొహం పాలిపోయింది. నేనే నీ కళ్ళు తీసేవాణ్ణి అని గొణుక్కుంటూ కొళాయి కింద తల పెట్టి రుద్దుకోవడం మొదలెట్టారు. నల్లనీళ్ళు కాలువ కట్టాయి.

నాకు నవ్వు రాలేదు. ఒళ్ళు మండిపోయింది. ఎందుకు అడగలేదు, ఒక్క మాట, ఎందుకేడుస్తున్నావని ఒక్క మాట అడిగితే ఏం పోయేది అన్నాను. తల ఎత్తకుండానే, అడిగితే చెప్పేస్తావని భయమేసింది అన్నారు.

ఆదివారాల గురించి నేనూ అందుకే అడగలేదు.

మే 5

రాత్రి హాల్లో పడుకున్నారు. పొద్దున లేచేసరికి తలా మీసమూ నున్నగా గొరిగించుకుని వచ్చారు. కాఫీ కప్పు పట్టుకుని నిలబడితే ఎవరో కొత్త మనిషి. ఈ మనిషితో నాకింకా పరిచయం కాలేదు. పైపెదవి ఇంత పొడుగా!

మే 11

అక్క వచ్చింది. తలుపు తీసిన ఆయన్ని చూసి, ఏ ఫ్లాట్ కావాలండీ అంది. తన చెల్లెలి ఇంటి గుమ్మంలో నిలబడి ఇంటాయన్నే అడిగింది. చెప్పాక, నోరు తెరిచి ఆయన్నీ, పొట్టు రాలడం తగ్గిన నన్నూ మార్చి మార్చి చూసింది. అంతా వివరించాను. ఒక్క లెక్క తప్పిందని ఒప్పుకోవడానికి అక్కకి రెండు కప్పుల కాఫీ పట్టింది. వెళ్ళేటప్పుడు ఆయనకి మాత్రం చెప్పింది, అడగాలి మరిదిగారూ, ఇది నోరు తెరిచే రకం కాదు, అడగాలి అని. నేనక్కడే ఉన్నాను.

మే 24

కంట్లో ప్రెషర్ నార్మల్. గీత మానింది. మళ్ళీ ముందు కౌంటర్లో. కస్టమర్లు వాళ్ళ మొహాలే చూసుకుంటున్నారు. నా వైపు ఒక్కరూ చూడలేదు. ఎంత బాగుందో.

జూన్ 19

పొద్దున ఆయన కిటికీ దగ్గర కూర్చుని షూ లేసులు కట్టుకుంటున్నారు. జుట్టు వచ్చింది. తెల్లగా, నిజంగా పాలలాగే. వంగిన ఆ తలని వెనకనుంచి చూశాను. ఇంత ఆలస్యంగా దొరికిన మనిషి, నాకన్నా ముందే వెళ్ళిపోతాడనిపించింది.

ఏడుపొచ్చేసింది. పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి, నిజంగా.

ఆయన తలెత్తి చూశారు. కంగారుగా లేచి, దూరంగా నిలబడి, ఏం తగిలిందని అడిగారు. ఏమీ తగల్లేదన్నాను. నమ్మలేదు. లేసులు అలా వేళ్ళాడుతుండగానే వెళ్ళి దిండు గలీబులు ఉతుకుతున్నారు.

ఉతకనీ.