జూలీకి గొర్రెల కత్తెర

ఏప్రిల్ 9, గురువారం. మిరపకాయలు ఎండబెట్టాను, బట్టలు ఉతికాను, పిండి పట్టించాను. జూలీని దువ్వడం మాత్రం సగంలో ఆగిపోయింది.

ఆగింది ఈయన వల్లే. పిల్లలు పుట్టకుండా జూలీకి ఆపరేషన్ చేయించినప్పటి నుంచి మా ఈ స్పానియల్ కుక్క బొచ్చు ఉన్నిలా ఉబ్బింది. నాతో ఒక్క మాట అనకుండా, గొర్రెలకు ఉన్ని కత్తిరించే మల్లప్పను ఎమ్మిగనూరు నుంచి పిలిపించారు. అతను కత్తెర తీసి, "తలకాయ కాడ నుంచి మొదలుపెట్టల్లా, తోక కాడ నుంచా అక్కా?" అన్నాడు.

"గొర్రెకు తీసినట్ల తీపిస్తే సల్లగుంటాది," అన్నారు ఈయన.

"అట్లయితే ముందు మీరు కూసోండి. మీ మీసాలకూ ఉక్కగానే ఉంటాది గదా," అన్నాను. మల్లప్ప నవ్వు ఆపుకోలేకపోయాడు.

మొత్తం తీసేస్తే చర్మం ఎండకు కాలుతుందని, మళ్లీ అదే బొచ్చు రాకపోవచ్చని ఆపరేషన్ రోజు ఆదోని పశువుల డాక్టరు చెబుతున్నప్పుడు ఈయన ఫోను చూసుకుంటున్నారు. కుట్లు మానేదాకా దాని పక్కన పడుకున్నది నేను. కత్తెర దగ్గరికి వచ్చేసరికి పెద్దరికం ఈయనది.

మల్లప్పను జూలీ మీద కత్తెర పెట్టనివ్వలేదు. చెవుల కింద చిక్కుపడిన కుచ్చులు మాత్రం నేనే కత్తిరించాను. మే నెలలో అది మరీ రొప్పుతుంటే అప్పుడేం చేయాలో...

మల్లప్ప కూలి, బస్సు చార్జీ ఈయన చొక్కా జేబులోంచే తీసి ఇచ్చాను. బాకీ తీరింది.