వెనక సీటు పెట్టించిన

గౌతమ్ బావా,

నువ్వు భూపాలపల్లి డ్యూటీ నుంచి దిగేసరికి నేను మానుకోట డ్యూటీల ఉంట. అన్నం, పప్పు పొయ్యి మీదనే ఉన్నయ్, జర వేడి చేసుకో. బ్యాటరీ బండికి ఛార్జింగ్ నిండింది, ప్లగ్గు తీసిన. వెనక లావు టైరుల గాలి కొట్టుకో.

జనగామ పోయి రావాలని నా సీటు పీకి రెండో బ్యాటరీ బిగించినవ్ గదా. నిన్న మెకానిక్‌తోని ఆ బ్యాటరీ పీకించి మళ్ల సీటు పెట్టించిన. కోపం చెయ్యకు. ఆర్నెల్లాయె నీ వెనక కూసోక.

– తనూజ

సాయంత్రం ఆరింటికి రఘునాథపల్లి స్టేషన్‌ల రైలు దిగుత, బండి తీస్కొని రా. అగ్గువ బండి, ఒక్క బ్యాటరీ, ఇద్దరితోని నడుమల్నే ఆగుతదని నాకెరుకే. ఆగితే నూకుకుంట వద్దాం. గంత సేపన్న నాతోని మాట్లాడుతవ్.